ఆఖరి ఎపిసోడ్‌కి ముందు ఒక కాగితం

2023 నవంబరు 5, ఆదివారం. పొద్దున్న ఏడు కావస్తోంది. కాకినాడలో మా ఇంటి ముందుగదిలో తమ్ముడు నేలమీద కూర్చుని తువ్వాలులో మొహం దాచుకున్నాడు. నేను సోఫాలో బిగుసుకుపోయి ఉన్నాను. ఫోన్‌లోంచి డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ముక్కు చీదుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు పోయారే?"

తమ్ముడు తల ఎత్తకుండానే, "నీకు తెలిసినవాళ్ళు కాదులే అమ్మా" అన్నాడు. దాంతో ఆవిడ ఇంకా కంగారు పడింది.

అటాక్ ఆన్ టైటన్ అనే యానిమే, అంటే జపాన్ వాళ్ళ యానిమేషన్ సిరీస్, అయిపోయిన పొద్దున అది. జపాన్‌లో ఆ సిరీస్ 2013 ఏప్రిల్లో మొదలైంది. అప్పుడు నేను విశాఖలో ఎమ్మెస్సీ, వాడు తొమ్మిదో తరగతి. హాస్టల్లో ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి మొదటి ఎపిసోడ్ వాడికి చూపించిన పాపం నాదే. ఆఖరిది వచ్చేసరికి వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, నుదురు కాస్త పెద్దదైంది. పదేళ్ళ పైచిలుకు మనతోపాటు పెరిగిన కథ ముగుస్తుంటే అన్నం తింటూ, మధ్యలో మెసేజులు చూసుకుంటూ చూసేయడం నాకు నచ్చదు. దానికో పద్ధతి ఉంది. అందులో కొంత మేం ముందే అనుకుని చేసింది, కొంత దెబ్బతిని నేర్చుకున్నది. మీకు ఇష్టమైన సిరీస్ ఏదైనా సరే, ఈ పద్ధతి పనికొస్తుంది. నా ఉదాహరణలన్నీ ఈ ఒక్క సిరీస్‌వే అయినా, కథలో ఎవరికేమైందో మాత్రం చెప్పను. ఇంకా చూడనివాళ్ళు ధైర్యంగా చదవచ్చు.

ముందు టైమ్ లెక్క తేల్చుకోండి

కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి మా ఇంట్లో ఈ పని నాకే అప్పజెప్పారు. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ అర్ధరాత్రి తర్వాత వచ్చే కార్యక్రమాలకు జపాన్ టీవీలు తారీఖు మార్చవు. గంటలనే పొడిగిస్తాయి. శనివారం 25:30 అని ఉందంటే ఆదివారం తెల్లవారుజామున ఒకటిన్నర అన్నమాట. మన ఆఖరి భాగం ఎన్‌హెచ్‌కే ఛానల్లో వచ్చింది నవంబరు 4, 24 గంటలకు. అంటే మనకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. బయటి దేశాలవాళ్ళకు క్రంచీరోల్ అనే స్ట్రీమింగ్ యాప్‌లో పెట్టిందేమో అమెరికా పశ్చిమ తీరంలో శనివారం సాయంత్రం అయిదింటికి. డాలస్‌లో అప్పుడు ఏడు. కాకినాడలో ఆదివారం తెల్లవారుజామున అయిదున్నర.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తమ్ముడు చదవలేదు. నవంబరు 4 అన్న ముక్క ఒక్కటే బుర్రకెక్కించుకుని, శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి వచ్చి, శనివారం పొద్దున్నే నన్ను లేపి కూర్చోబెట్టాడు. తెర మీద ఏమీ లేదు. ఇరవై నాలుగు గంటలు ముందే టిఫిన్ తిన్నాం.

తొమ్మిది గంటల గండం

లెక్క వేస్తే తెలిసేది ఇంకోటి ఉంది. జపాన్‌లో ప్రసారం మొదలైనప్పటి నుంచి మన చేతికి వచ్చేదాకా తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటల్లో అక్కడివాళ్ళు చూసేసి, ఏడ్చేసి, బొమ్మలు గీసేసి అంతా బయట పెట్టేస్తారు. కథ ముందే చెప్పేయడాన్ని జపనీయులు నెటబరె అంటారు. విత్తనానికి వాళ్ళ మాట తనె. దాన్ని తిరగేస్తే నెట, అంటే అసలు సరుకు. బరె అంటే బయటపడటం. మన గుట్టురట్టుకు అచ్చంగా సరిపోయే మాట.

సోషల్ మీడియాలో పాత్రల పేర్లు మ్యూట్ చేయమని అందరూ చెబుతారు. చేయండి. ఇంగ్లీషులోనే కాదు, జపాన్ లిపిలో కూడా ఆ పేర్లు కాపీ చేసి పెట్టండి. కానీ నా అనుభవంలో మాటలకంటే బొమ్మలతోనే ప్రమాదం. అదే ఏడాది మార్చిలో ముందటి స్పెషల్, అంటే మామూలుకంటే పొడవైన ఎపిసోడ్, వచ్చినప్పుడు నాకు ఒక పెద్ద సంగతి తెలిసిపోయింది వంకాయ కూర వీడియో వెతుకుతుంటే. పక్కన ఎవరో పెట్టిన వీడియో తాలూకు చిన్న బొమ్మ, దాని మీద ఎర్ర బాణం గుర్తు. అందుకే ఈసారి శనివారం రాత్రి ఎనిమిదింటికే ఫోన్లు మూడూ అమ్మ బీరువాలో పెట్టించాం. లేవడానికి అలారం గడియారం. మా ఇంట్లో అది ఇంకా ఉంది.

ఇక మాంగా, అంటే ఈ సిరీస్‌కి మూలమైన జపాన్ బొమ్మలకథ, చదివేసినవాళ్ళ సంగతి. డాలస్ చెల్లి ఆ బాపతు. ఇసయామా హజిమె ఈ కథని 2009 సెప్టెంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా ఒక నెలవారీ పత్రికలో బొమ్మలకథగా గీశాడు. మొత్తం 139 అధ్యాయాలు. అంటే ముగింపు ఏమిటో చెల్లికి రెండున్నరేళ్ళ ముందే తెలుసు. నోరు విప్పనని దేవుడి మీద ఒట్టు వేసింది, నిజంగానే ఒక్క మాట అనలేదు. కానీ నేను "ఫలానావాడు బతుకుతాడనే అనుకుంటున్నానే" అని పెడితే జవాబుగా నవ్వుముఖం ఎమోజీ పెట్టింది. ఆ ఎమోజీకి అర్థం ఏమిటా అని నేనూ తమ్ముడూ రెండు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. కాబట్టి మాంగా చదివినవాళ్ళకు నా విన్నపం: నవ్వొద్దు, నిట్టూర్చొద్దు, "చూస్తావుగా" అనొద్దు. ఆఖరి వారం సినిమాల గురించో చీరల గురించో మాట్లాడండి.

పాతవి ఎంతవరకు చూడాలి

మొత్తం చూస్తానని బయల్దేరకండి. ఈ ఆఖరి రెండు స్పెషల్స్ కాకుండానే 87 ఎపిసోడ్లున్నాయి, దాదాపు ముప్పయి అయిదు గంటలు. సగంలో విసుగొచ్చి, ముగింపు నాటికి ఆ పాత్రల మొహాలు చూడబుద్ధి కాని స్థితికి వస్తారు. నేను చూసింది ఇంతే: మొట్టమొదటి ఎపిసోడ్, మూడో సీజన్ రెండో సగంలోని పది, ముందటి స్పెషల్. అయిదున్నర గంటల్లో అయిపోతుంది. పేర్ల గందరగోళం ఒకటి ఉంది, చూసుకోండి. "ఫైనల్ సీజన్" అని 2020 డిసెంబరులో మొదలుపెట్టి, దానికి రెండో భాగం అని, మళ్ళీ ఆఖరి అధ్యాయాలు అని, అందులో మొదటి స్పెషల్, రెండో స్పెషల్ అని మూడేళ్ళు లాగారు. మా నాన్నగారు రిటైరయ్యాక కూడా ఏడాదిపాటు రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చారు, అలాగన్నమాట.

మొదటి ఎపిసోడ్ మాత్రం మానొద్దు. ఏ సిరీస్‌కైనా ఇదే మాట. ముగింపు రాసేవాడు తిరిగి వెళ్ళేది అక్కడికే.

కాగితం

ఇదీ అసలు పని. శనివారం సాయంత్రం, ఫోన్లు బీరువాలోకి పోకముందు, తలో కాగితం తీసుకున్నాం. ముగింపులో మనకు ఏం కావాలో మూడంటే మూడు ముక్కలు రాయాలి. ఏం జరుగుతుందో జోస్యం కాదు, ఏం జరగాలని మనసులో ఉందో అది. రాశాక మడిచి పక్కన పెట్టేయాలి, ఒకరిది ఇంకొకరు చూడకూడదు.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, 2021లో మాంగా ముగిసినప్పుడు చెల్లి రెండు వారాలపాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కథ పాడైంది, పదేళ్ళు వృథా అంటుంది. ఎక్కడ పాడైందే అని అడిగితే మాత్రం ప్రతిసారీ వేరే కారణం చెబుతుంది. ఆవిడ ఒక్కతే కాదు, అప్పుడు ప్రపంచం మొత్తం మీద చదివినవాళ్ళు రెండుగా చీలిపోయారు. ముగింపు మీద కోపం రావడం తప్పేమీ కాదు. కానీ ఆ కోపం కథ మీదా, మనం లోపల రహస్యంగా రాసిపెట్టుకున్న ఇంకో కథ జరగనందుకా అన్నది, చూసేశాక ఇక తేల్చలేం. చూసిన మరుక్షణం జ్ఞాపకం రంగు మార్చేస్తుంది. "నేను ముందే అనుకున్నా" అనేస్తాం. ముందే రాసి ఉంటే అలా తప్పించుకోలేం.

నా కాగితం మీద ఉన్నవి ఇవి. ఒకటి, కథానాయకుడు ఎరెన్‌కి చిన్ననాటి స్నేహితుడైన ఆర్మిన్ బతకాలి. రెండు, ఎరెన్ ఇదంతా ఎందుకు చేశాడో తన నోటితో తనే చెప్పాలి, ఇంకెవరో చెప్పకూడదు. మూడు, మొదటి ఎపిసోడ్‌లో వాడు కింద నిద్రపోయిన ఆ చెట్టు మళ్ళీ కనిపించాలి. ఇందులో ఎన్ని జరిగాయో చెప్పను. తమ్ముడు రాసింది ఒక్కటే: "నేను ఏడవకూడదు." మూడు రాయాలి కదరా అంటే, మిగతా రెండూ కూడా అదే అన్నాడు.

నిజాయితీగా రాయడం కనిపించినంత తేలిక కాదు. మొదట పెద్ద మాటలు వస్తాయి: "స్వేచ్ఛ అంటే ఏమిటో తేలాలి" లాంటివి. కొట్టేయండి. అవి ఎవరికో చూపించడానికి రాసేవి. "వీడు చావకూడదు", "వాళ్ళిద్దరికీ పెళ్ళి కావాలి", "ఆ దుర్మార్గుడు కుళ్ళి కుళ్ళి పోవాలి", ఇలా చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉండేవే సరైనవి.

చూసేటప్పుడు

మేం ముగ్గురం మూడు చోట్ల లేం, రెండు చోట్లే. అయినా ఒకేసారి చూడాలంటే తంటాలు తప్పవు. ఫోన్లో "ఒకటి, రెండు, మూడు" అని ఒకేసారి నొక్కాం. పది నిమిషాలకే చెల్లి మాకంటే నాలుగు సెకన్లు ముందుంది. అంటే మాకు దృశ్యం రాకముందే ఆవిడ "అయ్యో" వినిపిస్తోంది. నాలుగు సెకన్ల స్పాయిలర్! వెంటనే రెండువైపులా మ్యూట్ చేశాం. నిడివి 85 నిమిషాలు, మధ్యలో ఒకసారి ఆపి మళ్ళీ కలిసి మొదలుపెడదామని ముందే అనుకున్నాం. ఎక్కడ ఆపాలో కూడా చెల్లికే వదిలేశాం. చదివినవాళ్ళ వల్ల ఉపయోగం అక్కడే.

తిండి సంగతి. జంతికలు, చేగోడీలు వద్దు. నిశ్శబ్దంగా ఉండే చోట ఒక్కడు కరకరలాడిస్తే మిగతావాళ్ళు వాణ్ణి జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. గొట్టం కాజా కూడా వద్దు, పాకం కారి చేతులు జిగటౌతాయి, కళ్ళు తుడుచుకోలేం. మంచినీళ్ళ చెంబు, తువ్వాలు. టిఫిన్ తర్వాత.

ఆఖరున పేర్లు పడుతున్నప్పుడు లేవకండి. ఇది గట్టిగా చెబుతున్నా. ఈ సిరీస్‌లో పేర్లు పడుతుంటే వెనకాల కథ నడుస్తూనే ఉంటుంది, అసలు పెద్ద మాట అక్కడే చెబుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లేమో పేర్లు మొదలవగానే బొమ్మని మూలకి కుదించి, ఇంకేదో సిరీస్ చూడమని ముందుకు తోస్తాయి. ముందుగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోప్లే ఆపేయండి. తమ్ముడి రూమ్మేట్ ఒకడు ఆ ఆఖరి నిమిషాలు చూడకుండానే ముగింపు బాగాలేదని నెలరోజులు వాదించాడు.

తర్వాతి గంట

ఏమీ రాయొద్దు, ఎక్కడా పెట్టొద్దు, పదికి ఎన్ని మార్కులు అని అడగొద్దు. గుడిగంట కొట్టాక చెవిలో మిగిలే మోత ఉంటుంది చూశారా, దానికి జపనీయుల మాట యోయిన్. కథ అయిపోయాక మనలో మిగిలేదానికి కూడా అదే మాట వాడతారు. ఆ మోత ఆగకముందే మాట్లాడితే, మన గొంతే మనకు వినిపిస్తుంది.

మేం పెసరట్టు ఉప్మా తిన్నాం. ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం "అంత ఏడిపించేది ఎందుకు చూడటం" అని ఒక్కసారి అని ఊరుకుంది. ఆవిడ సీరియళ్ళ సంగతి ఎత్తే ధైర్యం ఆ పూట మాకు లేదు.

తర్వాత కాగితాలు విప్పాం. నేను అప్పటిదాకా లోపల కుతకుతలాడుతున్నాను, ముగింపులో ఏదో మోసం జరిగిందని. కాగితం చూస్తే, నేను అడిగిన మూడింటితోనూ నా కోపానికి సంబంధం లేదు. నాకు కోపం తెప్పించింది అసలు ముగింపే కాదు. సోమవారం నుంచి ఈ కథ ఉండదు, అదీ. డిసెంబరులో మళ్ళీ వస్తుందని, వచ్చే ఏడాది వస్తుందని ఎదురుచూడటానికి ఇక ఏమీ లేదు. దానికి ఇసయామాని తిడితే ఏం లాభం?

తమ్ముడి కాగితం సంగతి మీకు తెలుసు. మూడింటికి మూడూ పోయాయి.

వాదించుకోవాలంటే

గంట దాటాక వాదించుకోండి, అదీ సరదాయే. కాకపోతే దేని గురించి వాదిస్తున్నారో విడదీసుకోండి. కథ ఒకటి. దాన్ని తెరకెక్కించిన తీరు ఇంకొకటి: మొదటి మూడు సీజన్లు విట్ స్టూడియోవి, తర్వాతవి మాపా అనే ఇంకో స్టూడియోవి, ఈ మార్పు మీద అలిగినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మాంగాకీ యానిమేకీ తేడా మూడోది. ఆఖర్లో ఎరెన్, ఆర్మిన్ మాట్లాడుకునే ఘట్టంలో మాంగాలోని ఒక మాట చాలామందికి మింగుడు పడలేదు. యానిమే కోసం ఆ సంభాషణని ఇసయామానే తిరగరాశాడు. చెల్లి 2021 నాటి కోపంలో సగం ఆ పొద్దున్నే కరిగిపోయింది. అది తెలియక తమ్ముడు యానిమేలో విన్నదాన్ని పట్టుకుని, చెల్లి మాంగాలో చదివినదాన్ని పట్టుకుని ముప్పావుగంట కొట్టుకున్నారు. ఇద్దరూ వేరువేరు వాక్యాల గురించి!

రాసినవాడి జోలికి మాత్రం పోవద్దు. 2022 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన యానిమే ఉత్సవానికి ఇసయామా వెళ్ళాడు. ముగింపు ప్రస్తావన వచ్చేసరికి గొంతు పూడుకుపోయి, అభిమానులకు క్షమాపణ చెప్పాడు. హాలంతా చప్పట్లతో హోరెత్తింది. ఆ వీడియో చూశాక నాకు ఎవర్నీ తిట్టబుద్ధి కాలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో మొదలుపెట్టిన పనిని ముప్పయి దాటాక ముగించినవాడు. వాడి ఊరు క్యూషూ దీవిలో ఒయామా, చుట్టూ కొండలు ఈ కథలో మనుషుల చుట్టూ ఉండే గోడల్లా ఉంటాయట. అక్కడి ఆనకట్ట దగ్గర చిన్నప్పటి ఎరెన్, ఆర్మిన్, వాళ్ళ నేస్తం మికాసా తలలెత్తి ఆ ఆనకట్ట గోడకేసి చూస్తున్నట్టు విగ్రహాలు పెట్టారు. ఎప్పటికైనా వెళ్ళాలి.

రెండోసారి

వెంటనే వద్దు. రెండు మూడు నెలలు పోనివ్వండి. (ఆ రెండు స్పెషల్స్‌నీ కలిపి 2024 నవంబరులో జపాన్‌లో సినిమాగా కూడా విడుదల చేశారు. ఒక్క బిగువున చూడటానికి అదే మేలు.) మేం సంక్రాంతికి చూశాం, అప్పుడు చెల్లి కూడా ఇండియా వచ్చింది. ఈసారి ఒక్క మాట మీద ఆగిపోయాం. ఎక్కడ, ఎవరు అంటారో చెప్పను: "ఇత్తెరషై." ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళతో జపనీయులు రోజూ అనే మాట. ఇంగ్లీషులో "సీ యూ లేటర్" అని వేస్తారు, మొదటిసారి దాన్ని చదివి ముందుకెళ్ళిపోయాను. నిజానికి ఆ మాటకు అర్థం వెళ్ళి రమ్మని. మన ఇళ్ళలో గుమ్మం దాటేవాళ్ళతో "వెళ్ళు" అనరు కదా. "వెళ్ళిరా" అంటారు. తమ్ముడు వీడియో ఆపేసి, "అక్కా, ఇది మనకి తెలిసిన మాటే" అన్నాడు. సబ్‌టైటిల్స్‌లో ఏ మాట దగ్గరైనా మనసు తట్టుకుంటే అక్కడ ఆపి, దాని అసలు మాట ఏమిటో వెతకండి. దాన్ని మీ ఇంట్లో ఎలా అంటారో చూసుకోండి.

పండగ అయ్యాక చెల్లిని గౌతమి ఎక్కించడానికి కాకినాడ టౌన్ స్టేషన్‌కి వెళ్ళాం. బండి కదులుతుంటే అమ్మ కిటికీలోంచి చెల్లి చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తమ్మా, వెళ్ళిరా" అంది.

తమ్ముడు ఫోన్‌లో ఏదో అర్జెంటుగా చూసుకోవాల్సి వచ్చినట్టు అటు తిరిగి నిలబడ్డాడు. నేను చూశాను. ఫోన్ ఆన్ చేసి లేదు.